మీకు తెలుసా? స్కూటీ క్లచ్ స్ప్రింగులు బండిని నడపవు, ఆపుతాయి

గేర్ల బండిలో క్లచ్ స్ప్రింగులు ప్లేట్లను ఒకదానికొకటి అదిమి పెడతాయి. గేర్లు లేని స్కూటీలో వాటి పని పూర్తిగా ఉల్టా. ఇంజను తిరిగే ఊపుకి బయటికి విచ్చుకోవాలని చూసే క్లచ్ షూలను లోపలికి లాగి పట్టుకుంటాయి. బండి స్టార్టు చేశాక రేజ్ ఇచ్చేదాకా ముందుకు దూకకుండా ఉందంటే ఆ చిన్న స్ప్రింగుల చలవే.

షూలను బయటికి తోసేది అపకేంద్ర బలం. చుట్ల వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది. ఇంజను నిమిషానికి సుమారు 1,500 చుట్లు తిరిగేటప్పుడు కదలని షూలు 3,000 చుట్లు దాటేసరికి స్ప్రింగులను సాగదీసుకుని, చక్రాన్ని తిప్పే డ్రమ్మును గట్టిగా పట్టేస్తాయి. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం వేగాన్ని అదుపులో పెట్టడానికి వాడిన తిరిగే గుండ్లలో ఉన్నదీ ఈ సూత్రమే.

మూడు దిక్కులా కర్ణాటకే ఉన్న మడకశిర వైపు ఈ సూత్రం రోజూ బరువులు మోస్తుంటుంది. హోసూరు నుంచి 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్‌కు వారసులైన ఎక్సెల్ బండ్లలోనూ అపకేంద్ర క్లచ్చే. వెనక మల్బరీ ఆకు మూట, ముందు పాల క్యాను పెట్టుకుని చేను గట్టు ఎక్కేటప్పుడు బండి మెల్లగా పోతుంది, ఇంజను మాత్రం గట్టిగా అరుస్తుంది. అంటే షూలు డ్రమ్మును పూర్తిగా పట్టక జారుతున్నాయన్నమాట. ఆ రాపిడికి పుట్టే వేడిలో షూల మీది లైనింగ్ నున్నగా గాజులా మారుతుంది, స్ప్రింగులు సత్తువ కోల్పోయి సాగిపోతాయి. చెనక్కాయల మూటలు వేసుకుని తిరిగే స్కూటీలకూ ఇదే గతి. ఎత్తు ఎక్కేటప్పుడు సగం రేజ్‌లో నాన్చకుండా ఒక్క ఊపున ఎక్కించేస్తే క్లచ్ ఎక్కువ కాలం మన్నుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. క్లచ్ జారుతోందంటే గేర్ల బండి అలవాటుకొద్దీ స్ప్రింగులు వదులయ్యాయనుకుని గట్టివి వేయిస్తారు. స్కూటీలో గట్టి స్ప్రింగు వేస్తే షూలు ఇంకా ఆలస్యంగా పడతాయి, జారుడు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. జారితే చూడాల్సింది ముందు లైనింగ్‌ను, బెల్టును. స్ప్రింగు వదులైతే గుర్తులు వేరు. సిగ్నల్ దగ్గర ఆగినా బండి ముందుకు పాకుతుంటుంది, బ్రేకు నొక్కితే ఇంజను ఆగిపోయేలా గునుస్తుంది.

పరీక్ష తేలికే. సెంటర్ స్టాండు వేసి ఇంజను ఆన్‌లో ఉంచండి. వెనక చక్రం నెమ్మదిగా తిరగడం మామూలే. బ్రేకు కొంచెం నొక్కగానే చక్రం ఆగి, ఇంజను హాయిగా నడుస్తుంటే దిగుల్లేదు. ఇంజను కూడా మూలుగుతుంటే షూలు పట్టేస్తున్నాయని అర్థం. అయితే ఐడ్లింగ్ ఎక్కువ పెట్టి ఉన్నా ఇలాగే అవుతుంది. కాబట్టి ముందు దాన్ని తగ్గించి చూడాలి, ఊరికే క్లచ్ విప్పించకండి.

మార్చాల్సి వస్తే స్ప్రింగులన్నీ సెట్టుగా మార్చాలి. ఒక్కటే కొత్తది వేస్తే ఆ షూ ఆలస్యంగా, మిగతావి ముందుగా పడి, కదిలేటప్పుడు బండి వణుకుతుంది. డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఇక స్కూటీ క్లచ్ మధ్యనున్న పెద్ద నట్టు జోలికి ఇంట్లో పోకండి. దాని వెనక నొక్కిపట్టి ఉన్న పెద్ద స్ప్రింగు, నట్టు ఊడగానే ఎగిరి మొహానికి తగలగలదు. దాన్ని బిగించి పట్టే పనిముట్టు ఉన్న మెకానిక్కే విప్పాలి.