గురి తుపాకిదా, మనిషిదా?

1962 నవంబరు 18. లడఖ్‌లోని రెజాంగ్‌లా కనుమ. పదహారు వేల అడుగులకు పైబడిన ఎత్తు. ఎముకలు కొరికే చలి. మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వాన పోరాడిన కుమావూఁ పటాలపు జవానుల చేతుల్లో ఆనాడు ఉన్నవి పాతకాలపు .303 రైఫిళ్లు. గుండు పేల్చిన ప్రతిసారీ బోల్టును చేతితో పైకెత్తి, వెనుకకు లాగి, ముందుకు త్రోసి, క్రిందికి దించాలి. అప్పుడు గాని మరుసటి తూటా లోపలికి చేరదు. వ్రేళ్లు కొయ్యబారిన వేళ ఈ నాలుగు కదలికల భారమెంతో వారికే తెలుసు. వందమందికి పైగా అక్కడే నేలకొరిగారు.

ఈ శ్రమను తప్పించేదే సెమీ ఆటోమాటిక్ రైఫిలు. పేలిన మందు నుండి పుట్టిన వాయువులో కొంత భాగాన్ని మళ్లించి, ఆ ఒత్తిడితోనే ఖాళీ తొడుగును బయటికి నెట్టి, కొత్త తూటాను ఎక్కించుకొంటుంది. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక్కటే గుండు.

ఈ జాతి తుపాకులలో రెండింటిని మన ఉపఖండం బాగా ఎరుగును. ఒకటి, 1936లో అమెరికా సైన్యం స్వీకరించిన గారండ్. సైనిక సహాయంగా అది పాకిస్తాన్‌కు చేరింది. రెండవది, బెల్జియం నమూనాను అనుసరించి మన ఈషాపూర్ కర్మాగారంలో తయారైన ఎస్.ఎల్.ఆర్. 1965 యుద్ధం నాటికి మన సేనలో .303 స్థానాన్ని అది క్రమంగా ఆక్రమించుకొంటున్నది.

రెండూ బరువులో ఇంచుమించు సమానమే: ఖాళీగా నాలుగు కిలోలకు పైమాటే. వాడకంలోనే తేడా. గారండ్‌లో ఎనిమిది తూటాల క్లిప్పును పైనుండి నొక్కాలి; ఏమరుపాటున ఉంటే బోల్టు విసురుగా వచ్చి బొటనవ్రేలిని నలిపివేస్తుంది. ఎస్.ఎల్.ఆర్. మాగజైనులో ఇరవై తూటాలు పడతాయి. దాని కాకింగ్ హాండిలు ఎడమవైపు ఉన్నందున కుడిచేయి పిడిని వదలనక్కరలేదు. కాని క్రిందికి పొడుచుకొచ్చిన ఆ మాగజైను వల్లనే, బోర్లా పడుకొన్న సిపాయి తల కొంత పైకెత్తవలసి వస్తుంది. శత్రువు ఎదుట ఆ కొంచెమే ప్రాణాంతకం కావచ్చు.

ఇక గురి మాట. ఎస్.ఎల్.ఆర్. ముందు, వెనుక సైట్ల నడుమ దూరం సుమారు 55 సెంటీమీటర్లు, గారండ్‌లో 71. సైట్లను సరిచూడడంలో ఒక్క మిల్లీమీటరు పొరపాటు జరిగితే వంద మీటర్ల దూరాన మొదటిదాని గుండు 18 సెంటీమీటర్లు తప్పుతుంది. రెండవదాని గుండు 14. పైగా ఎస్.ఎల్.ఆర్. శుభ్రపరచడానికి మడతబందు మీద తెరచుకొంటుంది. గొట్టం ఒక భాగాన, వెనుక సైటు మరొక భాగాన ఉంటాయి. ఆ బందు అరిగి వదులైతే గురి చెదురుతుంది. చూపు నిలకడకు గారండ్, చేతివాటానికి ఎస్.ఎల్.ఆర్. మిన్న అనవచ్చు.

అయితే ఈ లెక్కలకు మించినది ఒకటున్నది. పాత .303 బోల్టు కదిపేటప్పుడు సిపాయికి శ్వాస నిలుపుకొనే వ్యవధి ఉండేది. కొత్త తుపాకి ఆ వ్యవధిని అడుగదు. మనిషే దానిని తెచ్చుకోవాలి. భుజానికి తగిలే దెబ్బకు ముందే ఉలికిపడి ట్రిగ్గరు గుంజితే, ఎంత మేలైన గొట్టమైనా ఏం చేస్తుంది? బ్రిటిష్‌వారు ఇదే బెల్జియం నమూనాను స్వీకరించినప్పుడు, ఎడతెగక కాల్చే ఏర్పాటును తీసివేశారు. అంత శక్తిగల తూటాను వరుసగా కాలుస్తూ గురి నిలపడం మానవమాత్రునికి కష్టం.

అందుకే ప్రతి సిపాయి తన రైఫిలుకు తానే సైట్లు సరిచేసుకొంటాడు. ఒకరికి సరిపడిన సైటు మరొకరికి సరిపడకపోవచ్చు; చూపు వేరు, చెంప ఆన్చే తీరు వేరు. ఏళ్ల తరబడి మోసినవానికి దాని బరువే కాదు, దాని మొరాయింపులూ తెలుసు.

వేగాన్ని కర్మాగారం ఇవ్వగలదు. నిదానాన్ని మాత్రం ఎవరికి వారే అలవరచుకోవాలి.