క్లినికల్ సైకాలజీలో చేరే ముందు: యూనివర్సిటీ పేరు కాదు, ఆర్‌సీఐ లిస్టు చూడండి

పోయిన ఎపిసోడ్ కింద ఒక చెల్లె అడిగింది: "అన్నా, డిగ్రీ అయిపోయింది. ఒక ప్రైవేట్ యూనివర్సిటీల ఎమ్మెస్సీ క్లినికల్ సైకాలజీ సీటు ఇస్తమంటున్నరు. నాన్న పొలం మీద లోన్ తీస్తనంటున్నడు. చేరొచ్చా?" పొలం అనే మాట చూశాక కామెంట్‌లో రెండు ముక్కలు రాసి వదిలేయబుద్ధి కాలేదు.

నేను సైకాలజిస్ట్‌ని కాదు, బీటెక్ చేసి కోడ్ రాసినోణ్ణి. కానీ ఏ డిగ్రీతో ఏం పని చేయొచ్చు అనేది చట్టంలో రాసి ఉంది. చదివితే ఎవరికైనా అర్థమవుతుంది.

మన దేశంలో "క్లినికల్ సైకాలజిస్ట్" అని ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టుకోవడానికి లేదు. 1992 నాటి చట్టం కింద పనిచేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. (వెయ్యి అంటే ఆ కాలం లెక్క, నవ్వకండి.) 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా ఆర్‌సీఐ ఆమోదం ఉన్న చదువునే లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. "మాది న్యాక్ ఏ ప్లస్, యూజీసీ గుర్తింపు ఉంది" అని బ్రోచర్‌లో పెద్దక్షరాలతో ఉంటుంది. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ న్యాక్ చూసేది మొత్తం సంస్థని. బీటెక్ వాళ్లకి తెలుసు, న్యాక్ కాలేజీకి, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి. ఆర్‌సీఐ ఆమోదం ఇంకా టైట్: ఆ సంస్థలో, ఆ ఒక్క కోర్సుకి, ఇన్ని సీట్లకి, ఇన్నేళ్లకి అని ఇస్తారు. గడువు అయిపోతే మళ్లీ తెచ్చుకోవాలి. మీ సీనియర్ బ్యాచ్‌కి ఉన్నంత మాత్రాన మీ బ్యాచ్‌కి ఉన్నట్టు కాదు.

ఇంత గందరగోళం ఎందుకంటే రూటే మారుతోంది. చాలా ఏళ్లుగా పద్ధతి ఒకటే: ముందు ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ, తర్వాత రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. బెంగళూరులో ఇప్పుడు నిమ్‌హాన్స్ అంటున్న సంస్థలో 1955లో ఒక డిప్లొమాగా మొదలైన ట్రైనింగ్ అది. 2022లో యూజీసీ ఎంఫిల్ అనే డిగ్రీనే ఎత్తేసింది. తర్వాత క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి మాత్రం 2025-26 అడ్మిషన్ల దాకా సడలింపు ఇచ్చింది. ఈలోపు ఆర్‌సీఐ తన సొంత సిలబస్‌తో బీఎస్సీ, ఎంఏ క్లినికల్ సైకాలజీ కోర్సులు తెచ్చింది. అంటే ఇప్పుడు మార్కెట్లో "క్లినికల్ సైకాలజీ" పేరుతో రెండు రకాల పీజీలు ఉన్నాయి. ఒకటి రిజిస్ట్రేషన్‌కి దారి, ఇంకోటి కాదు. సర్టిఫికెట్ మీద పేరు చూస్తే తేడా తెలియదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆమోదించిన సంస్థల లిస్టు ఉంటుంది. అందులో మీ కాలేజీ పేరు, పక్కన మీ కోర్సు పేరు, మీరు చేరే సంవత్సరం, మూడూ కలవాలి. "ఆర్‌సీఐకి అప్లై చేశాం" అన్నా, "ఆర్‌సీఐ సిలబస్సే చెప్తాం" అన్నా ఇంకా రాలేదనే అర్థం.

డిస్టెన్స్‌లో చేద్దామనుకునేవాళ్లకి ఒక్క మాట: 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని డిస్టెన్స్, ఆన్‌లైన్ పద్ధతిలో చెప్పొద్దని యూజీసీ ఆపేసింది.

లిస్టులో పేరుంటే పనైపోయినట్టేనా? కాదు. నాకైతే అసలు తేడా ఆస్పత్రి దగ్గరే కనిపిస్తుంది. ఈ చదువులో సగం క్లాసులో ఉండదు. పేషెంట్ ముందు కూర్చోవాలి, హిస్టరీ రాయాలి, టెస్టులు పెట్టాలి, రాసింది సీనియర్ దిద్దాలి. కాబట్టి ఏ ఆస్పత్రికి పంపుతారు, వారానికి ఎన్ని రోజులు, సొంతంగా కేసులు ఇస్తారా లేక వెనక నిలబడి చూడమంటారా, ఇవి అడగండి. మన దగ్గర ఇంకోటి కూడా ఉంది. మెదక్ నుంచి ఎర్రగడ్డకి పోయే ముసలమ్మ "నాకు డిప్రెషన్" అనదు. "పానం మంచిగ లేదు బిడ్డా, గుండె దడదడ అంటది, నిద్ర వడ్తలేదు" అంటుంది. అందులోంచి జబ్బుని పట్టుకోవడం ఇంగ్లీష్ టెక్స్ట్‌బుక్ నేర్పదు. తెలుగు పేషెంట్లతో ట్రైనింగ్ ఉందా లేదా అనేది ర్యాంకింగ్ కన్నా నాకు ముఖ్యం.

ఆమోదం లేని పీజీ వేస్టా అంటే, కాదు. నెట్ రాయొచ్చు, పీహెచ్‌డీ చేయొచ్చు, టీచింగ్, హెచ్ఆర్ ఉన్నాయి. కాకపోతే వాటికోసమే అయితే పొలం తాకట్టు ఎందుకు? సీపీగెట్ రాసి ఉస్మానియాలో సైకాలజీ పీజీకి ట్రై చేయొచ్చు. లక్షలు పోసేది "క్లినికల్" అన్న మాటకే అయితే, ఆ మాట వాడుకునే హక్కు వస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి.

చెల్లె, ఫీజు కట్టే ముందు యూనివర్సిటీకి ఇట్లా మెయిల్ పెట్టు: "ఈ కోర్సుకి ఆర్‌సీఐ ఆమోదం ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉంది? ఆమోదించిన సీట్లు ఎన్ని? పాసైనవాళ్లకి క్లినికల్ సైకాలజిస్ట్‌గా రిజిస్ట్రేషన్ వస్తుందా? ఆమోద లేఖ కాపీ పంపండి." జవాబు మెయిల్‌లోనే ఇమ్మను. ఫోన్‌లో మాట్లాడేవాళ్లకి అడ్మిషన్ టార్గెట్లు ఉంటాయి.