పత్తికొండలో ఆగిపోయిన పరదేశి



తుగ్గలి నుంచి పత్తికొండకు మనం బస్సులో ఎన్నిసార్లు పోయుంటామో లెక్క లేదు. 1827 జూలై 6 రాత్రి ఆ పత్తికొండలోనే మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరాతో చనిపోయాడని, పీజీలో చేరేదాకా నాకు తెలియదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పైచదువుకు నగరం పోయినప్పుడు ఏ బస్సు ఎక్కాలో, తక్కువ డబ్బులకు అన్నం ఎక్కడ దొరుకుతుందో తెలియక తిరిగాను. నా యాసకు నవ్వినవాళ్ళూ ఉన్నారు. అందుకేనేమో, ఒక పరదేశి మన సీమలో ఎలా బతికాడు, ఎలా తిరిగాడు అన్న సంగతి నన్ను పట్టుకుంది.

మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కంపెనీ సైన్యంలో పనికి మద్రాసులో దిగాడు. 1800లో నిజాం బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి అప్పగించాక, ఈ దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. మకాం అనంతపురం. పత్తికొండ అప్పుడు బళ్ళారి కింద ఉండేది.

మకాం అన్న మాటే గాని, ఆయన బతుకంతా డేరాల్లోనే. రైలు లేదు, మంచి రోడ్డు లేదు. గుర్రం, పల్లకి, ఎద్దులబండి, లేకుంటే కాలినడక. వానొస్తే నల్లరేగడిలో ఏ బండి కదులుతుందో మన చేలల్లో నడిచినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఊరి బయట డేరా వేయడం, కరణాన్నీ రెడ్డినీ రైతులనూ పిలిపించి భూమి, పంట, శిస్తు మాట్లాడడం, మళ్ళీ పక్క ఊరు. పర్షియన్, హిందుస్తానీ ముందే నేర్చాడు గనుక దుబాసీ చెప్పిందే వేదం కాలేదు. 1820లో గవర్నరయ్యాక కొత్తగా వచ్చిన కుర్రదొరలకు జనం భాష నేర్చుకోమని చెప్పాడు. ఆ ప్రసంగం విన్నవాళ్ళలో సి.పి. బ్రౌన్ ఒకడు.

ఒక మాట చెప్పాలి. దొర తిరిగాడంటే ఒక్కడే తిరగలేదు. పల్లకి మోసిన బోయీలు, డేరా గుంజలు పాతినవాళ్ళు, గుర్రానికి గడ్డి కోసినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో మన తాతల తాతలు ఉండే ఉంటారు. నేను చదివిన పుస్తకాల్లో వాళ్ళ పేర్లు కనిపించలేదు. ఆ డేరాలో కట్టిన శిస్తూ తేలికది కాదు, పంటలో సుమారు 45 శాతం. అది ఎక్కువని 1807లో ఆయనే నాలుగోవంతు తగ్గించమన్నాడు, పైవాళ్ళు అప్పుడు వినలేదు. అయినా సీమలో మంచిపేరే మిగిలింది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడని చెప్పుకునే కథ మీరు వినే ఉంటారు.

1827లో స్వదేశం పోయేముందు ఈ ఊళ్ళను చివరిసారి చూసిపోదామని బయలుదేరాడు. జబ్బుపడిన బిడ్డను తీసుకొని భార్య ముందే ఇంగ్లండు వెళ్ళింది. గుత్తి దగ్గరికి వచ్చేసరికి దండులో కలరా కనిపించింది. జూలై 6 పొద్దున పత్తికొండ చేరారు. ఆ రోజే ఆయనకు జబ్బు తగిలింది, రాత్రికి ప్రాణం పోయింది. మన ఎండలకు అన్నేళ్ళు తట్టుకున్న మనిషి ఒక్క రోజులో పోయాడు.

కారణం అప్పుడు ఎవరికీ తెలియదు. చెడుగాలి అనుకునేవారు. లండనులో జాన్ స్నో నీళ్ళ మీద వేలు పెట్టి చూపింది 1854లో. రాబర్ట్ కాఖ్ కలకత్తాలో ఆ క్రిమిని నిర్ధారించింది 1884లో. రోగి మలంలోని క్రిమి తాగేనీళ్ళలో కలిసి ఇంకొకరి నోట్లోకి పోతుంది. ఒంట్లోని నీరూ ఉప్పూ గంటల్లో బయటికి పోతాయి. అంత పెద్ద దండు దిగినచోట తాగేదీ కడిగేదీ ఒకే నీళ్ళయితే ఏమవుతుందో ఆలోచించండి. ఇప్పుడైతే ఓఆర్ఎస్ తాగిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోతే దాదాపు అందరూ బతుకుతారు. కాచిన నీళ్ళంటే ముసలివాళ్ళకని చిన్నప్పుడు నేనూ నవ్వినవాణ్ణే. ఇప్పుడు గదిలో స్టవ్ మీద మొదట పెట్టేది నీళ్ళే.

శవాన్ని గుత్తికి తీసుకుపోయి పూడ్చారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పోయినచోటికి దగ్గర్లో సర్కారు చెట్లతోపు వేయించి, రాతికట్టుతో ఒక బావి తవ్వించింది.