ఒక్క మెతుకు చాలునా?

అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలు చెబుతారు. రసాయన శాస్త్రంలో మేము నిత్యం చేసేదీ అదే. పీపాడు రంగులోనుంచి గరిటెడు తీసి పరీక్షించి, పీపా అంతటికీ గుణం నిర్ణయిస్తాము. ఈ విద్య ఇప్పుడు కంప్యూటరుకు కూడా అబ్బింది. పట్టికలో ఒకటి రెండు వరుసలను మనం మార్చి చూపితే, తక్కిన వరుసలను అదే తీరున తానే మార్చివేస్తుంది.

ఈ విద్యకు మూలమైన పద్ధతిని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయానికి చెందిన సుమిత్ గుల్వానీ 2011లో ప్రకటించారు. 'ఫ్లాష్ ఫిల్' అన్న పేరుతో అది ఎక్సెల్ 2013లో చేరింది. మన ట్రాయ్‌కు గంట ప్రయాణంలో ఉన్న ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జిన్, ఆండర్సన్, కాఫరెల్లా, జగదీశ్ 2017లో 'ఫూఫా' అనే సాధనాన్ని ప్రకటించారు. ఇది పట్టిక ఆకృతినే మార్చగలదు. గజిబిజి పట్టికలోని చిన్న ముక్కను, అది చివరకు ఎలా ఉండాలో చూపే మరొక ముక్కను ఇస్తే చాలు. గడిని విడగొట్టడం, గడులను కలపడం, నిలువు వరుసలను అడ్డంగా తిప్పడం, పనికిరాని వరుసను తొలగించడం వంటి పనులను ఏ క్రమంలో చేయాలో అదే వెదకుతుంది. గమ్యానికి ఇంకా ఎన్ని మార్పులు అవసరమో మెట్టు మెట్టుకూ అంచనా కట్టి, దగ్గరగా తోచిన దారిని ముందుగా పరిశీలిస్తుంది.

అయితే ఒకే ఉదాహరణకు సరిపడే సూత్రాలు అనేకం ఉండవచ్చును. వాటిలో ఏది మన ఉద్దేశానికి దగ్గరో, వెనుకటి అనేక ఉదాహరణల నుండి నేర్చుకొని ఎంచే పద్ధతులూ వచ్చాయి. యంత్రాభ్యసనం ముఖ్యంగా ఉపకరించేది ఇక్కడనే. చిక్కు వచ్చేదీ ఇక్కడనే.

ఒక తెలుగు సభకు ఆహ్వానాలు పంపే పని నాపై పడింది. ఇంటిపేర్లు తీసివేసి, పేర్లు మాత్రమే అచ్చు వేయదలచి, ఇటువంటి సాధనానికి 'వేమూరి శారద' ఎదుట 'శారద' అని చూపాను. క్షణంలో పట్టిక నిండింది. నేను మురిసిపోయి అచ్చుకు పంపాను. 'చావలి సీతా మహాలక్ష్మి' గారికి వెళ్ళిన ఆహ్వానంలో 'సీతా' అని మాత్రమే ఉన్నది. ఇక్కడ పుట్టిన 'అనిల్ వేమూరి'కి ఇంటిపేరే పేరయింది. "నాయనా, నా పేరులో సగం ఏమయింది?" అని ఆ పెద్దావిడ ఫోనులో అడిగినప్పుడు నాకు జవాబు తోచలేదు.

తప్పు నాదే. నా ఉదాహరణకు 'రెండవ మాట' అన్న సూత్రమూ సరిపోతుంది, 'చివరి మాట' అన్నదీ సరిపోతుంది, 'మొదటి మాట తరువాతిదంతా' అన్నదీ సరిపోతుంది. మహాలక్ష్మి గారి వరుసను కూడా చూపి ఉంటే మొదటి రెండూ తొలగిపోయేవి. ఇక అనిల్ పేరులో ఇంటిపేరు చివర ఉన్నదని మాటల వరుసను బట్టి ఏ సూత్రమూ చెప్పలేదు. మన వాడుక ఎరిగినవారే చెప్పాలి.

కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడుకుతాయి. కనుకనే ఒక్క మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. మన పేర్ల పట్టిక అటువంటిది కాదు. అందులో కొందరి పేర్లు ఆంధ్రదేశపు అలవాటుతోను, కొందరివి అమెరికా దరఖాస్తుల అలవాటుతోను చేరాయి. కనుక యంత్రానికి సులువైన వరుసను కాక వింతైన వరుసను చూపండి. ఫలితం వచ్చాక పొడవైన పేర్లను, పొట్టి పేర్లను కంటితో చూడండి. పది నిమిషాల పని. ఈసారి నేను మొదట చూడబోయేది మహాలక్ష్మి గారి వరుసనే.