కారెక్కితే రాతి ఎడారి, కొండ దారి

డబ్లిన్: జూన్ చివర్లో బడులు మూసేస్తారు. ఊరి నుంచి అమ్మానాన్నలు దిగుతారు. ఐర్లాండ్‌లోని మన ఇళ్లలో అప్పుడు వినిపించే మాట ఒకటే.. ‘వీళ్లను ఎటు తీసుకెళ్దాం?’ చాలామంది క్లిఫ్స్ ఆఫ్ మోహర్ దగ్గర ఫొటోలు దిగి, అదే రోజు రాత్రికి ఇల్లు చేరతారు. 214 మీటర్ల ఎత్తు నుంచి నిలువుగా సముద్రంలోకి దిగే ఆ కొండ అంచులు చూడాల్సినవే. కానీ మూడు రోజులు చేతిలో ఉంటే, వాటి చుట్టుపక్కల దారులు అంతకంటే బాగుంటాయి.

ఎడారి అంటే ఇసుకే కానక్కర్లేదు. గాల్వే దాటి క్లేర్ కౌంటీలోకి వెళ్లగానే పచ్చదనం పలచబడి, కనుచూపు మేర బూడిదరంగు బండలు పరుచుకుంటాయి. అదే బర్రెన్. ఐరిష్‌లో రాతి నేల అని అర్థం. 30 కోట్ల ఏళ్లకు ముందు వెచ్చని సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి ఇది. కడప బండల ఇంట్లో పెరిగినవాళ్లకు కొత్తగా అనిపించదు. మే నెలలో ఆ బండల నెర్రెల్లోంచి నీలి జెన్షియన్ పూలు తొంగిచూస్తాయి. పేరు వినగానే బర్రెలు గుర్తొస్తే తప్పు మీది కాదు. ఇక్కడి రైతులు పశువులను అందరిలా ఎండాకాలంలో కాకుండా చలికాలంలో కొండ మీదికి తోలతారు. రాయి దాచుకున్న వెచ్చదనమే కారణం.

రెండో రోజు కానెమరా. క్లిఫ్డెన్ మీదుగా ఎన్59 పట్టుకుంటే ఒకవైపు ట్వెల్వ్ బెన్స్ కొండలు, ఆపై కైల్‌మోర్ అబే. లీనాన్ నుంచి ఆర్335 ఎక్కితే డూలాక్ లోయ వస్తుంది. ఇక్కడ తప్పక కారు ఆపండి. 1849లో కరువు సాయం నిలిచిపోకుండా ఉండాలంటే అధికారుల ముందు హాజరు కావాలన్నారని, లూయిస్‌బర్గ్ నుంచి ఆకలితో ఉన్న జనం చలిలో ఈ లోయ మీదుగా నడిచారు. సాయం దొరకలేదు. తిరుగు దారిలో కొందరు ప్రాణాలు విడిచారు. వారి స్మారక శిల మీద మహాత్మా గాంధీ మాట చెక్కి ఉంటుంది. తాతల నోట ధాత కరువు కథలు విన్న రాయలసీమ పెద్దలను అక్కడి నుంచి కదిలించడం కష్టం.

రోడ్లు ఇరుకు. మలుపు తిరగగానే గొర్రెలు ఎదురవుతాయి. 2025 ఫిబ్రవరి నుంచి పల్లెల్లోని లోకల్ రోడ్లపై వేగ పరిమితిని 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు. నిజానికి చాలాచోట్ల 40 కూడా ఎక్కువే.

అసలు జాగ్రత్త డొనెగల్ వెళ్లేటప్పుడు. అక్కడి స్లీవ్ లీగ్ మోహర్‌కు దాదాపు మూడింతల ఎత్తు. డబ్లిన్ నుంచి నావిగేషన్ చూపే దగ్గరి దారి మాత్రం ఉత్తర ఐర్లాండ్ మీదుగా పోతుంది. అది బ్రిటన్ కిందకు వస్తుంది. సరిహద్దులో గేటు ఉండదు, బోర్డు కూడా సరిగా కనిపించదు. వేగం బోర్డుల్లో కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తే దాటేసినట్టే. భారత పాస్‌పోర్టుతో ఐఆర్‌పీ కార్డు మీద ఉంటున్నవారికి బ్రిటన్ వీసా తప్పనిసరి. అమ్మానాన్నల వీసా మీద బీఐవీఎస్ అని ఉంటేనే ఆ వీసాతో అటు వెళ్లగలరు. కిందటేడు మేం మొనాఘన్ దాకా వెళ్లాక ఈ సంగతి గుర్తొచ్చి బండి తిప్పాం. ‘ఏమైందిరా?’ అని అమ్మ వెనక సీట్లోంచి అడుగుతూనే ఉంది. ఆ పూట తిరుగుడుకే సరిపోయింది.

కాబట్టి నావిగేషన్‌లో ముందు స్లైగో పెట్టండి. ఎన్4 మీద అక్కడిదాకా వెళ్లి, ఎన్15 పట్టుకుంటే సరిహద్దు దాటకుండా డొనెగల్ చేరతారు. దారిలో బెన్‌బుల్బెన్ కొండ పాదాన డ్రమ్‌క్లిఫ్ చర్చి వస్తుంది. రవీంద్రుడి గీతాంజలికి ముందుమాట రాసిన యేట్స్ సమాధి అక్కడే. పులిహోర డబ్బా విప్పడానికి మంచి చోటు. వాన రాకముందే తినేయండి.