కొత్త పార్టీ అక్కెర ఉన్నది, కొత్త దుకాణం అక్కెర లేదు

ఎలక్షన్లు అయిపోయిన ఏడాదికే ఊర్లల్ల ఒక్కటే మాట వినవడుతది: "గీ పార్టీ గట్లనే, గా పార్టీ గట్లనే. రెండూ ఒక్క తాను ముక్కలే. మూడోది ఏదన్న రావాలె." కొన్ని దినాలకు నిజంగనే మూడోది వస్తది. అప్పుడు అదే నోరు ఇంకో మాట అంటది: "గెలిచేది గాదు, దానికేస్తే ఓటు ఖరాబే." గీ రెండు మాటల నడుమనే మన రాజకీయం ఇరుక్కున్నది. తమ్ముళ్లు, చెల్లెండ్లు, కోపం జర పక్కన పెట్టి లెక్క చూద్దాం.

మొదలు, రెండు పార్టీలే ఎందుకు మిగులుతయ్? జనానికి తెలివి లేక గాదు. ఎన్నికల పద్ధతే గట్ల ఉన్నది. ఒక నియోజకవర్గంల ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్లే ఎమ్మెల్యే. మిగిలినోళ్ల ఓట్లు ఎన్ని ఉన్నా సీటు రాదు. ఇట్లాంటి పద్ధతిల మెల్లమెల్లగ రెండు పార్టీలే నిలబడతయని ఫ్రాన్స్ పండితుడు మారిస్ దువెర్జే 1951లనే రాసిండు.

మన లెక్కలే చూడుండ్రి. 2023 తెలంగాణ ఎన్నికలల్ల కాంగ్రెస్‌కు 39 శాతం పైన ఓట్లు, 64 సీట్లు. బీఆర్ఎస్‌కు 37 శాతం పైన ఓట్లు, 39 సీట్లు. ఓట్ల తేడా రెండు శాతం, సీట్ల తేడా 25. బీజేపీకి దాదాపు 14 శాతం ఓట్లొస్తే 8 సీట్లే వచ్చినయ్. ఓట్ల లెక్కన పంచితే 16 రావాలె. ఆంధ్రల ఇంకా ఘోరం. 2019ల తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొస్తే 175ల 23 సీట్లు. 2024ల వైసీపీకి అదే 39 శాతం వస్తే 11 సీట్లు. పెద్ద పార్టీలకే గిట్లయితే, ఐదు శాతంతోని మొదలుపెట్టే కొత్త పార్టీ గతి ఏంది? 2019ల జనసేన ఐదు శాతం పైన ఓట్లు తెచ్చుకున్నది, వచ్చింది ఒక్క సీటు. 2024ల పెద్ద పార్టీతోని పొత్తు కట్టి 21 చోట్ల పోటీ చేసి 21 గెలిచింది. అంటే గీ పద్ధతిల చిన్న పార్టీకి బతుకు కావాల్నంటే పెద్దదాని నీడకు పోవాలె. పోయినంక సొంత గొంతు ఎంత మిగులుతదన్నదే సవాల్.

రెండు పార్టీల పద్ధతిల మంచి లేదా అంటే ఉన్నది. కోపం వస్తే దించెటందుకు ఎదురుంగ ఇంకోటి తయారుంటది. 2023ల ఇక్కడ, 2024ల ఆంధ్రల జనం అదే చేసిన్రు. కాని దించుడు వేరు, మన మాట పైకి పోవుడు వేరు. రెండు పార్టీలు కొట్లాడుకునే విషయాలు చర్చకు వస్తయ్. రెండూ కలిసి పక్కకు పెట్టిన విషయం మాత్రం ఎవ్వరి కంటికీ ఆనది.

కౌలు రైతు సంగతి దీనికి సాక్ష్యం. 2018ల రైతుబంధు వచ్చింది. పట్టా ఉన్నోళ్ల ఖాతాలల్ల పైసలు పడ్డయ్. భూమి దున్నేటోనికి, అప్పు తెచ్చి విత్తనం పెట్టేటోనికి రాలే. 2023 ఎలక్షన్ల ముంగట కాంగ్రెస్ కౌలు రైతులకు సుత ఎకరాకు ఏడాదికి 15 వేలు ఇస్తమన్నది. 2025 జనవరిల రైతు భరోసా మొదలైనప్పుడు 12 వేలు అయినయ్, అవి సుత పట్టాదారుకే. సాగుదారులకు గుర్తింపు కార్డులియ్యాలని 2011లనే చట్టం ఉన్నది. సర్కార్లు మారినయ్, ఆ చట్టం మాత్రం మూలకే ఉన్నది. కారణం కష్టమైందేం గాదు: రెండు పార్టీలల్ల ఊరి లీడర్లు ఎక్కువ మంది పట్టాదారులే. కౌలు రైతు ఓటు కావాలె, కౌలు రైతు లీడర్ అక్కెర లేదు. ఇట్లాంటి చోటనే కొత్త పార్టీ అక్కెర పుడతది.

కొత్త పార్టీ గెలిస్తేనే పని అయితదని అనుకోవద్దు. 1982 మార్చిల ఎన్టీ రామారావు తెలుగుదేశం పెట్టిండు. రెండు రూపాయలకు కిలో బియ్యం అన్నడు. ఆ మాటకు భయపడి అప్పటి కాంగ్రెస్ సర్కారు ఎన్నికలు రాకముందే రూపాయి తొంభై పైసలకు కిలో బియ్యం మొదలుపెట్టింది. కొత్త పార్టీ ఇంకా కుర్చీ ఎక్కలే, పేదోని గిన్నెల మెతుకు పడ్డది. 2001ల టీఆర్ఎస్ పుట్టింది. 2004ల 26 సీట్లు, 2009ల 10 సీట్లే. సొంతంగ రాష్ట్రం తెచ్చే బలం ఎన్నడూ లేదు. అయినా 2004ల కాంగ్రెస్ దానితోని పొత్తు పెట్టుకున్నది, 2008ల తెలుగుదేశం తెలంగాణకు ఒప్పుకుంటున్నమని లేఖ ఇచ్చింది. రెండు పెద్ద పార్టీలు నోరు తెరవని మాటను వాళ్ల నోటితోనే పలికించుడు, అది మూడో పార్టీ చేసిన పని. దాని వెనుక ఉద్యమం ఉన్నది, పిల్లల ప్రాణాలున్నయ్, అది మరువద్దు. అదే పార్టీ కుర్చీ ఎక్కినంక పాత పార్టీల లెక్కనే అయింది. అది సుత మరువద్దు.

ఇగ మునిగిన పడవల కథ. 1971ల తెలంగాణ ప్రజా సమితి పార్లమెంటుకు పోటీ చేసి 10 సీట్లు గెలిచింది. 1969 ఉద్యమంల పారిన నెత్తురు మీద గెలిచిన సీట్లవి. అదే ఏడాది పార్టీ మొత్తం కాంగ్రెస్‌ల కలిసిపోయింది. 2008ల చిరంజీవి ప్రజారాజ్యం పెట్టిండు. 2009ల 16 శాతం దాకా ఓట్లు, 18 సీట్లు. 2011ల అది సుత కాంగ్రెస్‌ల కలిసింది. 2021ల షర్మిల వైఎస్సార్ తెలంగాణ పార్టీ పెట్టింది, 2023ల పోటీకే దిగలే, 2024 జనవరిల కాంగ్రెస్‌ల కలిసింది. మూడు కథలల్ల లీడర్లకు పదవులో, ఇంకో దారో దొరికింది. జెండా మోసిన పిల్లగాళ్లకు ఏం దొరికింది? ఊర్ల రెండు పార్టీలతోని దుష్మనీ దొరికింది.

చట్టం సుత దీనికి తొవ్వ ఇడిచిపెట్టింది. ఫిరాయింపుల చట్టంల మూడింట రెండొంతుల ఎమ్మెల్యేలు ఒప్పుకుంటే దాన్ని విలీనం అంటరు, పదవి పోదు. 2019ల కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్ఎస్‌ల గట్లనే కలిసిన్రు. అంత పెద్ద పార్టీనే ఆపుకోలే. ముగ్గురు గెలిచిన చిన్న పార్టీల ఇద్దరు పోతే దుకాణం బంద్.

అందుకే కొత్త కండువా మెడల ఏసుకునే ముంగట నాలుగు సవాళ్లు అడుగుండ్రి. ఒకటి, ఈ పార్టీ ఏ విషయం మీద పుట్టింది, లేకుంటే ఏ లీడర్‌కు టికెట్ రాక పుట్టిందా? రెండు, లీడర్ రేపు పార్టీని కలిపేస్తనంటే ఆపే హక్కు కార్యకర్తకు ఉన్నదా? మూడు, పైసలు ఎక్కడికెళ్లి వస్తున్నయ్? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటొద్దని రూల్, అసలు ఖర్చు ఎంతో మీ ఊరోళ్లకే ఎరుక. నాలుగు, ఎలక్షన్లు లేని నాలుగేండ్లు వీళ్లు ఎక్కడుంటరు?

కాన్షీరామ్‌ను చూడుండ్రి. మొదలు ఉద్యోగుల సంఘం కట్టిండు, తర్వాత పోరాట సమితి పెట్టిండు, 1984ల పార్టీ పెట్టిండు. ఉత్తరప్రదేశ్‌ల సొంత బలంతోని సర్కారు వచ్చేసరికి 2007 అయింది, 23 ఏండ్లు. ఈ దినం ఆ పార్టీ చితికిపోయింది, నిజమే. కాని పునాది లేకుంటే అంత దూరం సుత రాకపోవు.

ఇంకో మాట. పార్టీలు మారితే సాలదు, ఓట్లను సీట్లుగ మార్చే లెక్క సుత మారాలె. పక్కనున్న నేపాల్‌ల 275 సీట్లల్ల 110 సీట్లు ఓట్ల శాతం ప్రకారం పంచుతరు. 2022ల, కొన్ని నెలల ముంగట పుట్టిన రాష్ట్రీయ స్వతంత్ర పార్టీ 20 సీట్లు తెచ్చుకున్నది. అండ్ల నేరుగ గెలిచినవి 7, శాతం లెక్కన వచ్చినవి 13. ఆ పద్ధతిల "ఓటు ఖరాబ్" అన్న మాటకు సగం బలం పోతది. మన దగ్గర రెండు పెద్ద పార్టీలు దీన్ని అడగవు, అడిగితే వాళ్ల సీట్లే తగ్గుతయ్. అడగాల్సింది మనమే.

అప్పటిదాక ఏం చెయ్యాలె? సర్పంచ్, వార్డు మెంబర్ ఎన్నికలల్ల పార్టీ గుర్తే ఉండదు. రెండు పార్టీల గోడ జర సన్నగున్న చోటు అదే. మీ ఊరి కౌలు రైతుల పేర్లు రాసి, కార్డుల కోసం మండలాఫీసుకు పది మందిని తోలుకపోయే గుంపు ఒకటి కట్టుండ్రి. గసోంటి గుంపులు వంద ఊర్లల్ల కలిస్తే దానికి పార్టీ పేరు తర్వాతైనా పెట్టొచ్చు. దాన్ని అమ్మాలనుకున్న లీడర్ మాత్రం వంద ఊర్లకు జవాబు చెప్పాల్సొస్తది.