మీకు తెలుసా? ఊళ్ల వెలుగును ఫొటోలోంచి ఎప్పుడు తీసేయాలి

జనవరి రాత్రి అత్తిలి చేల గట్టున ట్రాకింగ్ మౌంట్ మీద కెమెరా పెట్టి ఓరియన్ నెబ్యులాను వరసగా తీస్తే, చీకటి పడిన కొత్తలో తణుకు వైపు మసక వెలుగు ఫొటోకు ఒక అంచున ఉంటుంది. నక్షత్రాలు పడమరకు వాలేసరికి తాడేపల్లిగూడెం, భీమవరం దీపాల వెలుగు మరో అంచును పట్టుకుంటుంది. ఈ ఫొటోలన్నీ స్టాక్ చేస్తే, అంటే ఒకదానిమీద ఒకటి కలిపితే, మసకలు కలిసిపోయి వంకరటింకర మరక మిగులుతుంది. విడి ఫొటోలో ఆ వెలుగు ఒకవైపు నుంచి మరోవైపుకు తిన్నగా తగ్గుతుంది కాబట్టి, స్టాకింగ్‌కు ముందే తీసేయడం తేలిక. ఉచితంగా దొరికే సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో ఈ వెలుగును తీసేసేటప్పుడు డిగ్రీ 1 చాలు. ఆశపడి పెంచితే నెబ్యులాను కూడా ఊరి వెలుగనుకుని చెరిపేస్తుంది! మిగిలినదాన్ని స్టాక్ అయ్యాక, స్ట్రెచ్ చేయకముందే, అంటే మసకగా ఉన్నవి కనబడేలా వెలుగు పెంచకముందే, సరిచేయాలి.

కెమెరా, లెన్సు లోపాలను సరిచేసే డార్క్, ఫ్లాట్ ఫ్రేముల పని మాత్రం అన్నిటికన్నా ముందు. లెన్సు మూలల చీకటి ఊరి వెలుగునూ నక్షత్రాల వెలుగునూ ఒకే వంతున తగ్గిస్తుంది. ఒకదాన్ని ముందే తీసేస్తే ఫ్లాట్‌తో భాగించే లెక్క చెడుతుంది.

అన్నట్టు, మసక పోయినా అది తెచ్చిన నాయిస్ పోదు. ఆ నాయిస్ సగానికి తగ్గాలంటే నాలుగింతల ఫొటోలు తీయాలి.